ఇద్దరు మగపిల్లల జూన్

బడులు తెరిచిన రోజు తిరుపతిలో ఏ గేటు దగ్గర నిలబడినా ముందు కంటపడేవి గుండ్లు. అప్పుడప్పుడే నల్లగా మొలుస్తున్నవి కొన్ని, నిన్నగాక మొన్న కల్యాణకట్టలో కూర్చుని వచ్చినట్టు చందనం వాసన ఇంకా వదలనివి కొన్ని. ఎండాకాలం సెలవులంటే ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ చుట్టాలు దిగుతారు. దిగినవాళ్ళు కొండకు పోకుండా ఉండరు. వాళ్ళ వెంట ఇంట్లో మగపిల్లలూ బయల్దేరుతారు. ‘ఎండలకు తల చల్లగా ఉంటుందిలే’ అనేది పైకి చెప్పే మాట. మార్చిలో పరీక్షలప్పుడు వాళ్ళమ్మ మొక్కుకున్న సంగతి లోపలి మాట. చదివింది వాడు, మొక్కింది ఆమె, జుట్టు పోయింది మళ్ళీ వాడిదే. వరసకు నలుగురైదుగురు గుండ్లే కాబట్టి ఒకర్నొకరు ఎగతాళి చేసుకోరు. ఆడపిల్లయితే మూడు కత్తెరలతో తీరిపోయే మొక్కు ఇది.

మన రాష్ట్రంలో ఏప్రిల్ చివర్లో మూసిన బడి జూన్ 12న తెరవడం ఆనవాయితీ. 2024లో అదే రోజు ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారం పడటంతో ఒక్కరోజు వెనక్కి జరిగింది. ఆ ఒక్కరోజుకే మా వీధిలో పిలకాయలు పండగ చేసుకున్నారు. తల్లులు మాత్రం, ‘ఇంకొక దినమా!’ అన్నారు.

నాకిద్దరూ మగపిల్లలే. పెద్దోడు తొమ్మిదికొచ్చాడు, చిన్నోడు ఐదుకు. ఈ కథనం కోసం తిరుపతిలోనూ చిత్తూరులోనూ నాలాంటి తల్లులతో మాట్లాడుతుంటే, అందరి నోటా ఒక మాట తప్పకుండా వచ్చింది. ‘ఒక్క ఆడబిడ్డ ఉండింటే నాకు సాయంగా ఉండేది గదక్కా.’ ఆ మాట సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు జూన్ సంగతి.

రెండంగుళాలు వదిలి

తిరుపతిలో గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు. చిత్తూరులో హైరోడ్డు, బజారు వీధి. జూన్ మొదటి వారంలో సాయంత్రం పూట ఈ రోడ్ల మీద నడవడం ఒక సాహసం. తిరుపతిలో ఇంకో చిక్కుంది. బడి బ్యాగుల కోసం వచ్చిన ఊరివాళ్ళు, బొమ్మలూ పటాలూ కొనేందుకు వచ్చిన యాత్రికులూ ఒకే దుకాణం మెట్ల మీద ఒకర్నొకరు తోసుకుంటారు. దుకాణదారు ముందు యాత్రికుడినే పలకరిస్తాడు. వాళ్ళు బేరం తక్కువ ఆడతారు, మనం ప్రాణం తీస్తాం.

మగపిల్లాడికి చొక్కా కొనేటప్పుడు ఈ ఏడాది వాడికి సరిపోయేది ఎవరూ కొనరు. వచ్చే ఏడాదికి సరిపోయేది కొంటారు. ప్యాంటు అడుగున రెండంగుళాలు మడత వదిలి కుట్టమని టైలరుకు చెబుతాం. దీపావళికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఆ మడత విప్పుతాం. విప్పినచోట రంగు వెలవకుండా ముదురుగా ఒక గీత మిగులుతుంది. ఆ గీతలు లెక్కబెడితే వాడు ఆ ఏడాది ఎంత పొడుగయ్యాడో తెలిసిపోతుంది. పొడుగు సరే, మోకాళ్ళ మాటేమిటి? పన్నెండేళ్ళ వాడి ప్యాంటు పిర్రల దగ్గర చిరగదు, మోకాళ్ళ దగ్గర చిరుగుతుంది. అదీ సరిగ్గా ఆగస్టు పదిహేను కవాతు ముందు రోజే చిరుగుతుంది.

ఇద్దరు కొడుకులున్న ఇంట్లో చిన్నోడి బాధ వేరు. అన్న పుస్తకాలు, అన్న బూట్లు, అన్న జామెట్రీ పెట్టె. ఆ పెట్టెలో వృత్తలేఖిని మొన మొద్దుబారి, కోణమానిని మీద ఎవరిదో పేరు చెక్కి ఉంటుంది. ప్రభుత్వ బడుల్లో ఈ గొడవ కొంత తగ్గింది. 2020 అక్టోబరులో మొదలైన విద్యాకానుక అయినా, ఇప్పుడు ఇస్తున్న విద్యార్థి మిత్ర అయినా, ఎవరి కిట్టు వాళ్ళదే. బ్యాగు, పుస్తకాలు, నోటుబుక్కులు, బూట్లు, రెండు జతల సాక్సులు, బెల్టు, మూడు జతల యూనిఫాం గుడ్డ అన్నీ విడివిడిగా వస్తాయి. చిన్నోడికి కూడా అట్ట నలగని పుస్తకం, కొత్త వాసన వేసే బ్యాగు! ఆ సంతోషం విలువ తెలియాలంటే రెండో కొడుగ్గా పుట్టాలి. గుడ్డ మాత్రం గుడ్డగానే వస్తుంది. దాన్ని పట్టుకుని టైలరు చుట్టూ తిరిగే పని అమ్మది.

ఆ విద్యార్థి మిత్ర కిట్టుకు సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు పెట్టారు. రాష్ట్రంలో మిగతాచోట్ల అది ఒక రాష్ట్రపతి పేరు, ఉపాధ్యాయ దినోత్సవం పేరు. మాకు ఇంకొంచెం దగ్గరి చుట్టరికం. 1888లో ఆయన పుట్టిన తిరుత్తణి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక ఆ జిల్లాలో ఉండింది. 1960లో సరిహద్దులు సర్దినప్పుడు ఇప్పటి తమిళనాడు వైపు పోయింది. ఎనిమిదేళ్ళ వయసులో ఆయన్ను తిరుపతి తెచ్చి లూథరన్ మిషన్ బడిలో చేర్చారు. తండ్రి వీరాస్వామిది చిన్న జీతం, పెద్ద సంసారం. ఉపకార వేతనాలతోనే ఆ పిల్లాడి చదువు నడిచింది. తిరుత్తణి నుంచి కొడుకును ఇంత దూరం పంపినప్పుడు తల్లి సీతమ్మ మూటలో ఏం కట్టి ఇచ్చిందో ఏ జీవితచరిత్ర కారుడూ రాయలేదు. నాకు ఆ మూట మీదే ఆసక్తి.

మామిడికాయ దుడ్లు

పట్నంలో జీతాలవాళ్ళ జూన్ ఒకలాగ ఉంటుంది, చిత్తూరు పక్క పల్లెల్లో జూన్ ఇంకోలాగ ఉంటుంది. బడి తెరిచేదీ, తోతాపురి కోతకొచ్చేదీ ఒకే నెల. దామలచెరువు, బంగారుపాళ్యం మార్కెట్ల దారుల్లో ట్రాక్టర్లు, చిత్తూరు చుట్టూ ఉన్న గుజ్జు ఫ్యాక్టరీల ముందు వాటి బారులు. ‘కాయ తోలినాక కడతాం సార్’ అనేది ఇక్కడి ప్రైవేటు బడుల ఆఫీసు గదిలో వినిపించే మొదటి మాట. సారుకూ ఆ లెక్క తెలుసు. ఆయనకూ ఎక్కడో తోట ఉంటుంది.

కాయ ధర పడిపోతే ఆ దెబ్బ నేరుగా చదువు మీద పడుతుంది. 2025లో జరిగింది అదే. కాయ విరగకాసింది. కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 అని నిర్ణయమైంది గానీ, ఫ్యాక్టరీ గేటు లోపలికి బండి పోయేదెప్పుడు? బండి దగ్గర రోజుల తరబడి కాపలా ఉండేది మొగుడైతే, ఇంట్లో ఆవులు, పిలకాయలు, బడి ఫోన్లు ఆమెవి. ఆ నెలంతా ఇంటిని మోసింది పాల బిల్లే. చిత్తూరు జిల్లాలో పాడి ఆడవాళ్ళ చేతిమీద నడిచే వ్యవహారం. పొద్దున్నే పాలు పితికి కేంద్రంలో పోసి, ఆ వచ్చిన దుడ్లతోనే నోటుబుక్కులు, ఆటో బాడుగ గట్టెక్కించిన తల్లులు ఊరికి పదిమంది దొరుకుతారు.

దామలచెరువు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. మామిడి మార్కెట్టుతో పాటు ఆ ఊరికి ఇంకో పేరుంది. బడిపంతులుగా బతుకు వెళ్ళదీస్తూ కథలు రాసిన మధురాంతకం రాజారాం ఇల్లు అక్కడే. ఆయనకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కొడుకు నరేంద్రకు 2022లో ‘మనోధర్మపరాగం’ నవలకు అదే పురస్కారం వచ్చింది. ఇంకో కొడుకు మహేంద్ర కూడా కథకుడే. పంతులు జీతం మీద, రాసే మగవాళ్ళ మధ్య ఆ ఇంటి జూన్ నెలలు ఎట్లా గడిచాయో ఆ ఇల్లాలు చెబితే వినాలని ఉండేది నాకు.

కోస్తాలో బడి తెరవడానికీ తొలకరికీ ముడిపెట్టి గొడుగులు, వానకోట్లు కొంటారు. మాకా బాధ లేదు. జూన్‌లో ఇక్కడ ఎండ ఎండే. నాలుగు చినుకులు పడితే చెనిక్కాయ విత్తనాల మాట ఎత్తుతారు, అంతే. మా అసలు వాన కార్తీకంలో. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు పిల్లల పుస్తకాలు అటకెక్కించిన ఇళ్ళు ఎన్నో. అందుకే ఇక్కడి తల్లి జూన్‌లో వానకోటు కొనదు. రెండు లీటర్ల నీళ్ళ సీసా కొంటుంది. దాని మూత జూలై దాటదు.

అమ్మ పేరు మీద

ప్రభుత్వాలకు అమ్మ ఎప్పుడు గుర్తొచ్చినా చిత్తూరు దగ్గరే మొదలవుతుందేమో అనిపిస్తుంది. బడికి పిల్లల్ని పంపే తల్లి ఖాతాలో ఏడాదికి 15 వేలు వేసే అమ్మఒడిని 2020 జనవరి 9న ప్రారంభించింది చిత్తూరులోనే. పిల్లలెందరున్నా తల్లికి ఒక్కసారే డబ్బు అన్నారు. ఇద్దరు కొడుకులున్న ఇళ్ళలో దాంతో ఒక తగాదా పుట్టింది. ఆ దుడ్లు ఎవరి పేరుతో వచ్చాయి? పెద్దోడు నావంటాడు, చిన్నోడు నావంటాడు. అవి గ్యాసు బండకూ, అవ్వ కంటి ఆపరేషనుకూ పోయిన సంగతి ఇద్దరికీ తెలియదు.

ప్రభుత్వం మారింది, పేరు మారింది. 2025 జూన్ 12న తల్లికి వందనం వచ్చింది. ఈసారి ఇంట్లో చదివే పిల్లలందరికీ. ఒక్కొక్కరికి 15 వేలు, అందులో 2 వేలు బడి నిర్వహణకు పట్టుకుని 13 వేలు తల్లి ఖాతాలో. మంచిదే, కాదనను. బడి తెరిచే నెలలోనే డబ్బు చేతికి రావడం నిజమైన ఊరట. కానీ ఖాతా అమ్మ పేరు మీద ఉండటమంటే, దానికి కావలసిన తిరుగుడంతా కూడా అమ్మ పేరు మీదే ఉండటమని మగవాళ్ళు చాలా సులువుగా అర్థం చేసుకున్నారు. ఆధార్‌కు బ్యాంకు ఖాతా జతపడిందా, సచివాలయంలో వేలిముద్ర పడిందా, బియ్యం కార్డులో పేరుందా, పిల్లాడి హాజరు 75 శాతం దాటిందా అన్నీ ఆమే చూసుకోవాలి. కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్లు దాటితే పథకం రాదు. సెలవుల్లో ఇద్దరు మగపిల్లలు ఇంట్లో ఉంటే కూలరు, టీవీ, ఫోను ఛార్జరు ఆగవు. మే నెలలో మీటరు దగ్గర నిలబడి దాని వంక చూసే ఆడమనిషి కనబడితే, ఆమె ఏం లెక్కేస్తోందో ఇప్పుడు మీకూ తెలుసు.

మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ పేరు, డబ్బుకు తల్లి పేరు. బోర్డుల మీద అమ్మలే అమ్మలు. ఆ భోజనంలో గుడ్డు, ఒక రోజు రాగిజావ, ఇంకో రోజు చిక్కీ. రాగులూ చెనిక్కాయలూ మా సీమ పంటలే కాబట్టి వాటి మీద పిల్లలకు కొత్తేం లేదు. ఇంట్లో సంగటి ముద్ద చూస్తే మొహం చిట్లించేవాడు బడిలో జావ రెండు గ్లాసులు తాగుతాడని చిత్తూరులో ఒక తల్లి వాపోయింది. అదే రాగి, అదే బెల్లం! స్నేహితుల పక్కన కూర్చుని తాగేదానికి రుచెక్కువ.

ప్రైవేటు బడికి పోయేవాళ్ళకు క్యారియరు తప్పదు. పొద్దున ఆరున్నరకు మా ఇంట్లో మాటలు వినండి.

‘మా, నా సాక్సు ఒకటే ఉండాది!’

‘రెండోది నీ కాలికే ఉందేమో చూడు నాయినా.’

‘మా, ఈ పొద్దు కూడా చిత్రాన్నమేనా?’

‘నిన్న ఉర్లగడ్డ, మొన్న పప్పు. నీకు మతి లేకుంటే నేనేం చేసేది?’

‘వాడు నా పెన్ను ఎత్తుకున్నాడు మా.’

‘బిన్నా తెమలండిరా, ఆటో వచ్చేసింది!’

ఇది నెమ్మదైన రోజు. ఆ పొద్దున ఊరిబిండి నూరడం కూడా ఉంటే గొంతులు ఇంకా లేస్తాయి. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పోయే తల్లుల ఇళ్ళలో ఈ నాటకమంతా ఇంకా చీకట్లో జరుగుతుంది. షిఫ్టు బస్సు వచ్చేలోపు క్యారియరు కట్టి, నిద్రపోతున్న కొడుకు దిండు పక్కన పెట్టి పోతారు. లేపే పని, తలదువ్వే పని ఫోనులో నడుస్తుంది. కొండ మీద డ్యూటీలు, సత్రాల్లో పని, పూలు కట్టడం మీద బతికే తల్లులకు యాత్రికుల రద్దీ ఎప్పుడు ఎక్కువో అప్పుడే పని ఎక్కువ. ఆ రద్దీ ముదిరేది మే, జూన్‌లలోనే. అంటే ఇంటికి ఆమె కావలసిన నెలలోనే ఊరికీ ఆమె కావాలి.

పదకొండేళ్ళకే పెట్టె సర్ది

కొందరు తల్లులకు జూన్ అంటే ఇల్లు ఖాళీ అవడం. ఆరో తరగతికి నవోదయ, సైనిక్ స్కూలు. కలికిరిలో 2014లో సైనిక్ స్కూలు వచ్చాక ఈ ప్రాంతపు రైతు ఇళ్ళలోనూ ఆ ప్రవేశ పరీక్ష మాట వినపడుతోంది. ఎంపికైతే ఊరంతా చెప్పుకుంటారు. పదేళ్ళు, పదకొండేళ్ళు నిండిన పిల్లాడు. బనియన్ల నుంచి తువ్వాళ్ళ దాకా ప్రతి గుడ్డ మీదా పేరు కుట్టాలి, పెట్టె మీద పేరు రాయించాలి. పక్క దుప్పటి మడవడం ఇంతవరకూ రాని వాడికి ఒక్క రాత్రిలో మడవడం నేర్పాలి. పెరుగన్నం ఇంకా కలిపిపెడుతున్నామని ఎవరికీ చెప్పొద్దని వాడు తల్లితో ఒట్టు వేయించుకుంటాడు.

పదో తరగతి దాటినవాళ్ళ సంగతి వేరు. ర్యాంకుల కాలేజీ హాస్టళ్ళకు పోయే పదిహేనేళ్ళ కొడుకుల గురించి రాయాలంటే ఇంకో ఆదివారం కావాలి. ఈ జిల్లా రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఆ చదువుల మీద ఎప్పుడో ‘చదువులా? చావులా?’ అని ఒక పుస్తకమే రాశాడు. ఆ ప్రశ్న ఇంకా పాతబడలేదు. ఇక్కడితో ఆపుతాను.

హాస్టలుకు పోకుండా ఇంట్లోనే ఉన్న కొడుకు కూడా ఒక జూన్‌లో కొంచెం దూరం జరుగుతాడు. పోయిన ఏడాది దాకా గేటు దాకా చేయి పట్టుకున్నవాడు, ‘నువ్వు ఈ మలుపులోనే నిలబడుకో మా, నేను పోతా’ అంటాడు. గొంతు బొంగురుపోయి ఉంటుంది. బండి దిగి వెనక్కి చూడడు. మావాడిది ఎనిమిదో తరగతిలో జరిగింది. ఆ పొద్దు ఆఫీసుకు ఆలస్యంగా పోయాను.

అమ్మ చీర కట్టిన చేతులు

ఇప్పుడు ఆ ఆడబిడ్డ మాట. ‘ఆడపిల్ల ఉంటే సాయం’ అనేటప్పుడు మనం కోరుకునేది కూతుర్నా, జీతం లేని పనిమనిషినా? కఠినంగా ఉంటుందని తెలిసే అడుగుతున్నాను. ఇంట్లో కొడుకు, కూతురు ఇద్దరూ ఉన్నచోట బడి నుంచి రాగానే కొడుకు బ్యాగు విసిరి ఆటకు పోతాడు. కూతురు రెండు క్యారియర్లూ తీసి అంట్ల దగ్గర వేస్తుంది. ఎవరూ చెప్పక్కర్లేదు, అట్లా జరిగిపోతుంది. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వేలో తేలిన లెక్క ఇది: జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు దానికే పోస్తున్నారు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 88 చూసి కొందరు తల్లులు నవ్వారు. ‘అంతసేపు ఎవురింట్లో చేస్తా ఉండారు?’ అన్నారు.

మగపిల్లలకు ఆడవాళ్ళ పని నామోషీ అంటారు. ఈ మాట తిరుపతిలో చెల్లదు. బడులు తెరవడానికి నెల ముందే, మేలో, తాతయ్యగుంట గంగమ్మ జాతర. వారం రోజులు రోజుకొక వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. ఊరిని పీడించిన పాలెగాడిని వెతుక్కుంటూ గంగమ్మ వేషాలు మార్చిందని కథ. ఆ మొక్కు కోసం మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని వీధిలో నడుస్తారు. పసిబిడ్డ నుంచి మీసాలవాడి దాకా. కొడుకుకు తన చీర కుచ్చిళ్ళు పోసి కట్టేది తల్లే. గాజులు సర్దేది తల్లే. జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ జాతర మీద 2013లో ఒక పుస్తకం తెచ్చింది. ఈ వారంలో లోకమంతా ఆడరూపమవుతుందన్నది ఆమె చూపు. మేలో అమ్మ చీర కట్టి ఊరంతా తిరిగినవాడు జూన్‌లో తన కంచం తీసుకుపోయి కడగడానికి సిగ్గుపడితే, ఆ సిగ్గు ఎక్కడ నేర్చుకున్నాడు? మన దగ్గరే.

కేరళలో 2024లో మూడో తరగతి పాఠ్యపుస్తకంలో వంటింటి బొమ్మ మార్చారు. తండ్రి నేల మీద కూర్చుని కొబ్బరి కోరుతున్నట్టు వేశారు. మన పుస్తకాల్లో ఆ బొమ్మ ఎప్పుడొస్తుందో చూడాలి. అప్పటిదాకా ఇంట్లో బొమ్మ మనమే వేసుకోవాలి.

అందుకే ఈ జూన్‌లో మా ఇంట్లో పనులు పంచాను. పుస్తకాలకు అట్టలు చిన్నోడు వేయాలి. బూట్లు, క్యారియర్లు పెద్దోడివి. ఇస్త్రీ వాళ్ళ నాయనది, అది ఆయనే ఒప్పుకున్నాడు. చిన్నోడు వేసిన అట్టలు చూస్తే నవ్వొస్తుంది. లెక్కల పుస్తకానికి అట్ట వేయబోయి తెలుగు పుస్తకాన్ని కూడా కలిపి లోపలికి మడిచాడు. విప్పి వాడితోనే మళ్ళీ వేయించాను. పెద్దోడు క్యారియరు కడుగుతాడు గానీ మూత రబ్బరు తీసి కడగాలని ఎంత చెప్పినా తలకెక్కదు. చారు వాసన పోదు. మా అత్తమ్మ వచ్చినప్పుడు ఇదంతా చూసి, ‘మగబిడ్డల చేత అంట్లు తోమిస్తావేమ్మా’ అంది. చెప్పాల్సింది ఆమెకు కాదు కాబట్టి ఊరుకున్నాను. రెండో పూటకు ఆమే మనవడి పక్కన పీట వేసుకుని రబ్బరు ఎట్లా తీయాలో చూపిస్తోంది.

ఒప్పందం నిలబడిందని సంతోషపడేలోపు బేరం మొదలైంది. తల్లికి వందనం సంగతి చిన్నోడు బడిలో వినొచ్చాడు.

‘మా, నా పేరు మీద పదమూడు వేలు వచ్చిందంట గదా. అట్టలేసినందుకు దాంట్లో నాకెంత?’

కాగితం తెచ్చి లెక్క రాసి చూపించాను. ఫీజులో కట్టింది, ఆటోకు ఇచ్చింది, బూట్లు, నీళ్ళ సీసా, దాని మూత పోయాక కొన్న ఇంకో సీసా, సాక్సులు. వాడు వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. సాక్సుల దగ్గర ఆగాడు.

‘ఇన్ని కొన్న్యామా? మరి యాడుండాయి అవన్నీ?’

వెతకమని వాడినే పంపించాను. అన్నను కూడా తోడు తీసుకుపొమ్మన్నాను. మంచాల కింద ఇద్దరూ ఇంకా కొట్లాడుకుంటున్నారు.